ప్రింటరు గలీబు

పొద్దున్న పని వేళ. ముందుగదిలో కిటికీ పక్కన కోడలి కంప్యూటరు, గుమ్మం పక్కన అత్తగారి కుట్టుమిషను.

“...అని నేననలేదమ్మాయ్, పక్కింటి మైకు వదిన అంది. అన్నది కూడా నాతో కాదు, మలుపులో కొట్టావిడతో. కొట్టావిడ ఇస్త్రీ ఆయనతో అంటే, ఆయన బట్టలిచ్చి పోతూ పోతూ నా చెవిన వేశాడు. ‘మీ కోడలు తలుపులేసుకుని నల్ల తెర ముందు కూర్చుని ఊళ్లోవాళ్ల తాళాలు తీస్తుందటగా’ అని.”

“ఊఁ.”

“ఊఁ ఏమిటి? తీస్తున్నావా?”

“తీస్తున్నా అత్తయ్యా.”

“అంత నిమ్మళంగా చెప్తావేమిటే?”

“జీతమిచ్చి మరీ తీయిస్తున్నారు. నిమ్మళంగా కాక ఎలా చెప్పను? మన టైల్స్ ఫ్యాక్టరీ వాళ్లే. ‘మా కంప్యూటర్లకీ ప్రింటర్లకీ ఎక్కడ తాళం వదులుగా ఉందో దొంగ చూసేలోపు మీరు చూసి చెప్పండి’ అని మా కంపెనీతో ఒప్పందం రాసుకున్నారు. మేం చూసి చెప్తాం. అంతే.”

“ఈ వీధిలో సగం ఇళ్లు ఆ ఫ్యాక్టరీ కూడు తినేవే. మైకు వదిన వాళ్లాయన కూడా అక్కడే కదా, స్టోర్సులో. మరి మనవాళ్ల వస్తువులు కూడా తీసేస్తావా?”

“మనవాళ్లూ పరాయివాళ్లూ అని కాదు. ఫ్యాక్టరీ సొత్తయితే గుండుసూది అయినా సరే, అది ఎక్కడున్నా సరే, తీసి చూడొచ్చు. ఫ్యాక్టరీది కాకపోతే అదే గుండుసూదిని ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఉద్యోగం ఊడుతుంది. పైన పోలీసు స్టేషను మెట్లు అదనం. కాస్త ఆ మిషను ఆపుతారా? మా ఆఫీసు మేడమ్ ఫోను చేస్తారు.”

“కాలరు సగంలో ఉంది, ఎక్కడ ఆపను? నీ మొహమేమిటి, ఇవాళ తోమిన గిన్నెలా వెలిగిపోతోంది?”

“పని అయిపోయింది కాబట్టి. పరీక్ష మీద పెట్టుకున్న ఉద్యోగం కదా, ఇవాళ్టితో తేలిపోతుంది. పొద్దున మీరు నీళ్లు పట్టుకుంటున్నప్పుడే ఫ్యాక్టరీ ప్రింటరు ఒకటి తెరిచేశా. రిపోర్టు మేడమ్‌కి పంపేశా. ఆవిడ కాసేపట్లో ఫ్యాక్టరీకి వెళ్లి వాళ్ల పెద్దల ముందు పెడతారు. బాగుందంటే నన్ను పర్మనెంటు చేస్తారు.”

“చేస్తే?”

“చేస్తే పైన ఖాళీగా ఉన్న గది కూడా అద్దెకి తీసుకుందాం. మీ మిషను చప్పుడు మీకు, నా పని నాకు. మీ అబ్బాయి సరేనన్నాడు.”

“వాడిదేముంది, నువ్వు అన్నదానికల్లా సరే అంటాడు. పైగది నాకా, నీకా?”

“మీకే. వెలుతురుంటుంది.”

“అయితే ఆపాను మిషను. ఏదీ, ఆ తాళాలు తీసే పనిముట్టు చూపించు.”

“ఇదే.”

“ఇదా? బొమ్మ లేదు, రంగు లేదు. చెడిపోయిన టీవీలా ఉంది.”

“బొమ్మలేం ఉండవు. మనం మాట రాస్తే అది మాటతో జవాబిస్తుంది. సరే, ఇలా చెప్తాను. మీ మిషనుకి పాదాలు ఎన్ని రకాలు?”

“జిప్పు పాదం, కాజాల పాదం, అంచు మడిచే పాదం, మామూలుది. ఇంకోటి ఉండాలి, ఎప్పుడు కావాలన్నా కనపడదు.”

“మిషను ఒకటే. కుట్టు మారితే పాదం మారుస్తారు. ఇదీ అంతే. ఈ నల్ల తెర ఉత్త మిషను. దీనికి తగిలించే పాదాలని మాడ్యూళ్లు అంటారు. ప్రింటరు తాళం చూడాలంటే ఒక మాడ్యూలు, టీవీకి ఒకటి, గుమ్మం మీద కెమెరాకి ఒకటి. వేలకి వేలున్నాయి.”

“వేలా? ఎక్కడ పెడతావు?”

“అన్నీ ఇందులోనే. ‘సెర్చ్’ అని కొడితే వెతికి పెడుతుంది. కావాల్సినది దొరికాక ‘యూజ్’ అని దాని పేరు రాస్తే వచ్చి తగులుకుంటుంది. అప్పుడు ‘షో ఆప్షన్స్’ అనాలి. ఎవరి మీదికి వెళ్లాలి, ఏ దారిన వెళ్లాలి, వెళ్లి ఏం చెయ్యాలి, అన్నీ అందులో కనపడతాయి. ఒక్కొక్కటీ ‘సెట్’ అని చెప్పాలి. ‘చెక్’ అంటే లోపలికి పోకుండానే తాళం ఊపి చూసి చెప్తుంది. ఆఖరున ‘రన్’.”

“రన్ అంటే పరుగు.”

“అవును.”

“చోటు చూసుకోకుండా పరిగెత్తిస్తే వేలి మీంచి పోతుంది సూది.”

“మీకు పోయిందా?”

“రెండుసార్లు. అయినా నేనెప్పుడు చూసుకున్నాను గనక. ఇంతకీ లోపలికి వెళ్లావని వాళ్లకి నమ్మకమేమిటి? నేను చంద్రుడి మీదికి వెళ్లొచ్చానంటే సరిపోతుందా?”

“సరిపోదు. అందుకే రుజువు వదిలి రావాలి. వాళ్ల ప్రింటరు చేతే ఒక కాగితం తీయించాను. రెండే రెండు ముక్కలు, నేనే రాశాను. వినండి, ఎంత బాగా...”

“ఆగాగు. కాగితమంటే గుర్తొచ్చింది. అసలు సంగతి చెప్పనే లేదు. మైకు వదినకి ఇవాళ పొద్దున గుండె జారి గల్లంతైపోయిందట.”

“తర్వాత చెప్దురు గానీ, ముందు నాది వినండి.”

“నీది ఎక్కడికి పోతుంది, తెరలో పడి ఉంటుంది. ఇది చల్లారిపోతుంది. ఇస్త్రీ ఆయన చెప్పాడు. ఆవిడ హాల్లో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకుంటోందట. మూలనున్న మిషను దానంతటదే దగ్గిందట.”

“ఏ మిషను?”

“కాగితాలు తీసేది. ఎవరూ ముట్టుకోలేదు. ఎదురుగా మనిషి లేడు. గుర్రుమని లేచి, గలీబు కిందనుంచి ఒక కాగితం బయటికి తోసిందట, నాలిక చాచినట్టు.”

“ఊఁ.”

“దాని మీద ఏం రాసుందో చెప్పుకో.”

“నాకెలా తెలుస్తుంది అత్తయ్యా?”

“‘మీ తలుపు తెరిచి ఉంది’ అని.”

“ఏమన్నారు?”

“మీ తలుపు తెరిచి ఉంది. ఎవరైనా లోపలికి రావచ్చు. దయచేసి గట్టి తాళం వేసుకోండి. దయచేసి అందట చూడు, దెయ్యమైనా మర్యాద తెలిసిన దెయ్యం.”

“మళ్లీ చెప్పండి.”

“మర్యాద తెలిసిన...”

“అది కాదు. కాగితం మీది ముక్క.”

“మీ తలుపు తెరిచి ఉంది. పాపం వదిన లేచి వీధి తలుపు చూసిందట, గడియ వేసే ఉంది. పెరటి తలుపు చూసింది, వేసే ఉంది. బీరువా చూసింది. ఆఖరికి ఫ్రిజ్జు తలుపు కాస్త ఓరగా కనపడిందట. దాన్ని గట్టిగా వేసి, దణ్ణం పెట్టుకుంది. ఏమిటే, నీ మొహానికేమైంది? ఇందాకటి గిన్నె మాడిపోయిందేం?”

“అది నేను రాసిన ముక్క.”

“ఏది?”

“ఫ్యాక్టరీ ప్రింటరుకి నేను పంపిన కాగితం. అక్షరం పొల్లుపోకుండా అదే. ఆగండి. షో... ఆప్షన్స్. టార్గెట్ దగ్గర... అయ్యో.”

“ఏమిటి అయ్యో? నాకూ చెప్పి ఏడువు.”

“ఈ నంబరు ఫ్యాక్టరీది కాదు. మనింటిది.”

“మనింటికి నంబరెందుకు ఇచ్చావు?”

“నిన్న మన టీవీ మీద అభ్యాసం చేశాను. మన ఇల్లు, మన టీవీ, ఎవరినీ అడగక్కర్లేదు కదా అని. నాలుగు రకాల మాడ్యూళ్లు మార్చి మార్చి చూశాను. పాదం మార్చినప్పుడల్లా చోటు ఏం చెప్తాంలే అని ‘సెట్’ అనాల్సింది ‘సెట్ జీ’ అన్నాను. అంటే, ఇక ఏ పాదం తగిలించినా చోటు మాత్రం మనింటి వైఫై అంతా, మారదు అని.”

“నేనూ అంతే. కుట్టు పొడుగు ఒకసారి పెట్టానంటే ఇక దాని మొహం చూడను.”

“మీకైతే మహా అయితే ఒక గౌను పాడవుతుంది అత్తయ్యా. నేను పొద్దున ప్రింటరు మాడ్యూలు తగిలించి, ఆప్షన్లు చూడకుండా, చెక్ కూడా కొట్టకుండా, రన్ అన్నాను. అది చెప్పిన మాట విని నమ్మకంగా మన వైఫైలోనే వెతికి, దొరికిన ప్రింటరు తెరిచింది.”

“తెరిచినప్పుడైనా చూడలేదా ఎవరిదో?”

“ఇళ్లలోనూ ఆఫీసుల్లోనూ ఆ నంబర్లు ముందు సగం ఒకే తీరుగా ఉంటాయి. పైగా ప్రింటరు రకం కూడా ఫ్యాక్టరీలో వాడే రకమే చూపించింది, ఆఫీసులకి కొనే పెద్దది. ఇక అనుమానమెందుకొస్తుంది? ఎగిరి గంతేసి రిపోర్టు పంపేశాను.”

“పోనీలే, తప్పు అందరూ చేస్తారు. దారం ఎక్కడ పెట్టాను?”

“అత్తయ్యా, మనింట్లో ప్రింటరు లేదు.”

“లేదు.”

“మరి పక్కింటి ప్రింటరు మన వైఫైలో ఏం చేస్తోంది?”

“టీ పెట్టనా?”

“మన వైఫై పాస్‌వర్డ్ ఆవిడకి ఎవరిచ్చారు?”

“నీకు అల్లం వేసి పెడతాను.”

“అత్తయ్యా.”

“నేను ఇవ్వలేదు. నా నోటితో ఒక్క అక్షరం చెప్పలేదు, ఒట్టు. నువ్వు పెట్టిన పాస్‌వర్డ్ ఏమన్నా మనుషులు పెట్టేదా? రైలుబండంత పొడుగు. అందులో అంకెలు, నడుమ చుక్కలు, కొక్కేలు. ఎవరికి గుర్తుంటుంది? అందుకని...”

“అందుకని?”

“కుట్టుకున్నాను.”

“కుట్టుకున్నారా? ఎక్కడ?”

“అదుగో, ఆ సోఫా దిండు మీద. గొలుసు కుట్టు. చుట్టూ ఆకులు కూడా వేశాను, ఊరికే రాతలా కనపడకూడదని.”

“ఆ దిండు మీదా? అది డిజైను అనుకున్నాను కదా నేను. రోజూ దానికే వీపు ఆనించి కూర్చుంటున్నాను.”

“చూశావా, నువ్వే పోల్చుకోలేకపోయావు. అంత బాగా దాచాను.”

“మైకు పిన్నిగారు మాత్రం పోల్చుకున్నారు.”

“ఆవిడ వచ్చి దిండు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కుట్టు ఎంత సన్నంగా వచ్చిందో అని మెచ్చుకుని ఫోటో తీసుకుంది. మెచ్చుకున్న మనిషిని తియ్యొద్దని ఎలా అంటాం?”

“ఇంకెవరు మెచ్చుకున్నారు? ఇస్త్రీ ఆయనకీ చెప్పారా?”

“చెప్పలేదు.”

“నిజంగా?”

“ఆ దిండు గలీబు ఇస్త్రీకి వేశాను.”

“నాయనోయ్. ఊరందరికీ తాళాలు ఎలా వేసుకోవాలో చెప్పేదాన్ని, నా ఇంటి తాళం చెవి ఆకులూ తీగలతో వీధి తిరిగొచ్చింది. సరే, ఫోటో ఊరికే తీసుకుంది అనుకుందాం. ప్రింటరుకి మన వైఫై ఎందుకు తగిలించుకుంది?”

“వాళ్ల వైఫై ఆ మూలకి అందదట. తగిలించుకోనా అంది. సరే అన్నాను. ఊరికే ఏం కాదు, నాకు కొలతల కాగితాలు తీసిస్తుంది. గౌన్లవీ, కాలర్లవీ. ఫోనులో బొమ్మ పంపితే చాలు, అసలు కొలతకి పెద్ద పెద్ద కాగితాలు వచ్చేస్తాయి. కత్తిరించి గుడ్డ మీద పరుచుకోవడమే. అవి వచ్చాకే కదా నా చేతికి ఇన్ని పనులు వస్తున్నాయి. దానికి బదులు నేను ఆ ప్రింటరుకి గలీబు కుట్టిచ్చాను.”

“ప్రింటరుకి గలీబా?”

“దుమ్ము పడకుండా. పూలు వేశాను. ముందువైపు ఒక జానెడు ఎక్కువ దించమంటే దించాను.”

“ఎందుకు దించడం? కాగితం బయటికొచ్చేది అటే కదా?”

“అందానికి.”

“అసలు అంత పెద్ద ఆఫీసు ప్రింటరు వాళ్లింట్లో ఎందుకు అత్తయ్యా? ఆవిడ లెటర్లు రాస్తుందా, బాబాయిగారు పుస్తకాలు వేస్తారా?”

“ఎవరింట్లో ఏముంటే నాకెందుకమ్మాయ్?”

“ఈ వీధిలో ఎవరింట్లో ఏముందో మీకు తెలియనిదొకటి ఉందా?”

“ఉండు, దారం తెగింది.”

“మిషను ఆగి ఉంటే దారం ఎలా తెగుతుంది?”

“ముందు నీ సంగతి చూసుకో. ఇప్పుడేమిటంటావు?”

“ముందు ఆ ‘సెట్ జీ’ తీసెయ్యాలి. తీసేశాను. ఇప్పుడు ఫ్యాక్టరీ నంబర్లు. ఆప్షన్లు చూశాను. మళ్లీ చూశాను. మీరూ చూడండి, ఇక్కడ.”

“నాకేం తెలుస్తుంది? బాగానే ఉంది.”

“చెక్ మాత్రమే కొడుతున్నా. రన్ కాదు... మొదటిది, తాళం గట్టిగా ఉంది. రెండోది, గట్టిగా ఉంది. మూడోదీ అంతే.”

“గట్టిగా ఉంటే మంచిదేగా?”

“వాళ్లకి మంచిది. కిందటి నెల ఫ్యాక్టరీలో ఉన్న ప్రింటర్లన్నిటికీ పాస్‌వర్డ్లు మార్చారట, అన్నీ బాగానే మార్చారు. నేను మాత్రం ఒకటి తెరిచానని రాసి పంపాను. ఆవిడ అక్కడ నలుగురి ముందు నిలబడి ‘మీ ప్రింటరు తెరిచాం, కాగితం చూసుకోండి’ అంటారు. వాళ్లు ‘ఏ ప్రింటరు, కాగితమేదీ’ అంటారు.”

“కాగితం మైకు వదిన దగ్గరుంది.”

“అదే కదా నా ఏడుపు.”

“చెప్పకు. ఎవరికి తెలుస్తుంది? రాసిందేదో రాసేశావు. వాళ్లే ఎక్కడో కాగితం పారేసుకున్నామనుకుంటారు. పెద్ద ఆఫీసుల్లో పొద్దున లేస్తే ఎన్ని కాగితాలు పోతాయి.”

“పరాయివాళ్ల వస్తువు తెరిచాను అత్తయ్యా. తెలియక తెరిచినా తెరిచినట్టే. ఆవిడ గేటు దాటకముందే చెప్పాలి.”

“చెప్తే పైగది?”

“పైగది సంగతి దేవుడెరుగు, ఈ ముందుగదిలో కూడా నాకు పని ఉండదు. మీ మిషను ఎంతసేపైనా కుట్టుకోవచ్చు.”

“ఆ మాటనకు. ఏదీ, ఫోను నాకివ్వు. మా కోడలికి జ్వరమొచ్చిందని చెప్తాను.”

“వద్దు. స్పీకరులో పెడుతున్నా, మీరు దగ్గొద్దు. మేడమ్, నమస్తే. నేనే.”

“చెప్పు. కారులో ఉన్నా, ఫ్యాక్టరీ దగ్గరికి వచ్చేశా. రిపోర్టు బాగుంది. మొదటిసారి నిన్ను తిట్టకుండా చదివాను.”

“ఇప్పుడు తిట్టండి మేడమ్. అది ఫ్యాక్టరీ ప్రింటరు కాదు.”

“కాక?”

“మా పక్కింటివాళ్లది.”

“బండి పక్కకి ఆపు. నిన్ను కాదు, డ్రైవరుని. మళ్లీ చెప్పు.”

“మా ఇంటి వైఫైలో వాళ్ల ప్రింటరు తగిలించి ఉంది. నాకు తెలియదు. నిన్న...”

“నిన్న సెట్ జీ పెట్టావు. ఇవాళ ఆప్షన్లు చూడకుండా రన్ కొట్టావు.”

“మీకెలా తెలిసింది?”

“కొత్తగా చేరినవాళ్ల కథలన్నీ అక్కడే మొదలవుతాయి. నీ చెయ్యి నీ కళ్లకన్నా ముందు పోతుందని ఎన్నిసార్లు చెప్పాను?”

“చాలాసార్లు మేడమ్.”

“అసలు పక్కింటి ప్రింటరు మీ వైఫైలోకి ఎలా వచ్చింది? పాస్‌వర్డ్ బయటికి ఎలా పోయింది?”

“అది... దిండు...”

“ఏ దండు?”

“నేను దగ్గుతాను అమ్మాయ్, దగ్గనా?”

“ఎవరది?”

“మా అత్తయ్య మేడమ్. పాస్‌వర్డ్ సంగతి నిదానంగా రాసి పంపుతాను. చాలా పొడుగు.”

“సరే. ఇప్పుడు విను. పరాయివాళ్ల వస్తువు తెరిచావు. వాళ్లని అడగకుండా వాళ్ల చేత కాగితం తీయించావు. ఇది దాచితే నీతోపాటు నేనూ పోతాను, కంపెనీ కూడా పోతుంది. దాచను. ఆ వస్తువు సొంతదారుని పిలిచి ఫోను ముందు కూర్చోబెట్టు. జరిగింది చెప్పు, తప్పు ఒప్పుకో. ఆవిడ ‘సరేలే’ అంటే, చీవాట్లతో బయటపడతావు. ఫిర్యాదు చేస్తానంటే మాత్రం నేను కాపాడలేను. ఇవాళ సాయంత్రానికి కంప్యూటరు తిరిగి పంపాల్సి ఉంటుంది. నేను లైన్లోనే ఉంటా.”

“అలాగే మేడమ్. అత్తయ్యా, పిన్నిగారిని పిలవండి.”

“ఇప్పుడా? ఇప్పుడు స్నానానికి వెళ్లి ఉంటుంది.”

“చిక్కుడుకాయలు ఒలుస్తోందన్నారుగా.”

“అవి అయ్యాకే కదా స్నానం. ఇంకోమాట అమ్మాయ్, ఆవిడని కాకుండా ఇంకెవర్నన్నా అడగకూడదా?”

“ఆవిడ ప్రింటరు గురించి ఇంకెవర్ని అడుగుతాం? మీకేమైంది? చెమటలు పడుతున్నాయేం?”

“ఎండ.”

“కిటికీ దగ్గర నేనున్నాను, నాకు లేని ఎండ మీకెక్కడిది? పోనీ నేనే పిలుస్తా. పిన్నిగారూ, ఒకసారి ఇలా వస్తారా?”

“వస్తున్నా, వస్తున్నా. గుమ్మంలోనే ఉన్నాను. మీ కిటికీ తెరిచి ఉంటే సగం మాటలు మా ఇంట్లోనే పడతాయి. ఏమిటి వదినా, మీ కోడలు నన్ను పిలవడం కొత్తగా ఉంది.”

“కూర్చో వదినా. ఆ దిండు ఇలా ఇవ్వు, నేను పట్టుకుంటాను.”

“పిన్నిగారూ, పొద్దున మీ ప్రింటరు లోంచి వచ్చిన కాగితం దెయ్యం పంపలేదు. నేను పంపాను.”

“నువ్వా?”

“పొరపాటున. ఇంకో చోటికి వెళ్లాల్సింది మీ ఇంటికి వచ్చింది. తప్పంతా నాది, చూసుకోకుండా కొట్టాను. మీ వస్తువు మీకు చెప్పకుండా తెరిచినందుకు క్షమించండి.”

“అయితే దెయ్యం కాదన్నమాట.”

“కాదు.”

“పొద్దున్నించీ నేను ఫ్రిజ్జుకి దణ్ణాలు పెడుతున్నాను.”

“క్షమించండి పిన్నిగారూ.”

“చిక్కుడుకాయలన్నీ నేలపాలు. కొట్టావిడకి చెప్పాను, మా ఇంట్లో ఏదో తిరుగుతోందని. వీధంతా నన్ను పిచ్చిదానిలా చూశారు. తిరుగుతున్నది నువ్వా? నేను ముందే అన్నాను కదా, ఈ పిల్ల నల్ల తెర ముందు కూర్చుని తాళాలు తీస్తుందని. అంటే ఒక్కరైనా నమ్మారా?”

“వదినా, చిన్నపిల్ల. పోనీలే అను. ఒక్క ముక్క అంటే దాని ఉద్యోగం నిలబడుతుంది. మీ సోఫాకి కొత్త గలీబులు కుట్టిస్తాను, గుడ్డ కూడా నాదే.”

“సోఫాకి ఎందుకు, ఫ్రిజ్జుకి కుట్టు.”

“కుడతాను. ఫ్రిజ్జుకి కూడా కుడతాను.”

“వద్దు. ఫోనులో ఎవరున్నారు?”

“నమస్తే అమ్మా, వీళ్ల పై అధికారిని. మా అమ్మాయి తప్పు చేసింది, ఒప్పుకుంది. ఇక మీ మాటే. ముందు ఒకటి చెప్పండి, నేను రాసుకోవాలి. ఆ ప్రింటరు మీదేనా?”

“మాది కాక మీదా? మా ఇంట్లో ఉన్నది మాది కాకుండా ఎలా ఉంటుంది?”

“కోపగించుకోకండి. సొంతదారు నోటితో వినాలి, అందుకని అడిగాను. ఫిర్యాదు చేస్తారా, వదిలేస్తారా?”

“పిన్నిగారూ, దయచేసి...”

“దయచేసి అని కాగితంలో కూడా రాశావుగా, సరిపోయింది. వదలను మేడంగారూ. ఇవాళ మా ఇల్లు, రేపు ఇంకొకరి ఇల్లు. పరాయి సొత్తు మీద చెయ్యి వేసేవాళ్లని ఊరికే వదిలితే వీధి ఏమవుతుంది? మా ఇంటా వంటా లేదు ఆ బుద్ధి. మా ఆయన స్టోర్సులో ఇన్నేళ్లు చేశాడు, ఒక మేకు ఇంటికి తెచ్చి ఎరుగడు.”

“వదినా.”

“నువ్వు మధ్యలో రాకు వదినా. నీకూ నాకూ ఏం తగాదా లేదు. నీ కాలరు కాగితాలు నీకు తీస్తూనే ఉంటాను, నీ పనులు నీకు వస్తూనే ఉంటాయి. నీ నోరు మాత్రం నువ్వు పట్టుకో, అంతే.”

“అత్తయ్యా, వదిలెయ్యండి. తప్పు చేసింది నేను. మేడమ్, కంప్యూటరు సాయంత్రం పంపేస్తాను.”

“ఒక్క నిమిషం. అమ్మా, అయితే రాసుకుంటున్నాను. ప్రింటరు మీ సొంతం, ఫిర్యాదు చేస్తున్నారు. అంతేనా?”

“అంతే. మా ఆయన చెమటోడ్చి కొన్నది. రాసుకోండి.”

“ఇది కూడా రాసుకోండి మేడంగారూ. ఆ ప్రింటరుకి గలీబు కుట్టింది నేను. ముందువైపు జానెడు ఎక్కువ దించమన్నది అందానికి కాదు, దాని మీద అంటించి ఉన్న టైల్స్ ఫ్యాక్టరీ పేరు కనపడకుండా.”